నూకలు మేసిన బాతులు

నూకలను, వాటిలోని చమురంతా పోయేవరకు ఈథరు ద్రావకంతో కడిగి, నీడలో ఆరబోయడం ఆ శీతకాలంలో నా ప్రాతఃకాల విధి. "సబ్బు కూడా రుద్దకపోయావా అమ్మాయ్? బాతులకు మడి కడుతున్నావు" అనేవారు మా అత్తగారు సంపూర్ణమ్మగారు. నేను నవ్వేదాన్ని. నవ్వినంతకాలం వాటిని పెరట్లో ఉంచనిచ్చారు.

నేను మదరాసులో వైద్యవిద్య ముగించి, రాజమండ్రిలో ఒక స్త్రీల ఆసుపత్రిలో పనిచేస్తుండేదాన్ని. శరీరంలోని కొవ్వు తిన్న కొవ్వునుంచే వస్తుందా, లేక వట్టి పిండిపదార్థంనుంచి శరీరమే దానిని తయారుచేసుకుంటుందా అన్న విషయంలో ఐరోపా పండితులు కూడా అప్పటికి పూర్తిగా ఏకీభవించలేదు. నాకు ఆ ప్రశ్న గ్రంథాలలో ఎదురుకాలేదు. ధవళేశ్వరంనుంచి వచ్చిన రామతులసి మంచం దగ్గర ఎదురైంది. "నెయ్యి దొంగిలించి తింటోందండీ డాక్టరమ్మగారూ. లేకపోతే గంజన్నానికి ఈ ఒళ్ళెక్కడిదండీ?" అని ఆమె అత్తగారు వార్డంతా వినేలా అడిగింది. రామతులసి కాదనలేదు. కాదంటే నమ్మేవారు లేరని అప్పటికే తెలుసుకున్నట్టుంది.

అందుకు బాతులను కొన్నాను. ఒకే ఈడువాటిలో కొన్నింటిని మొదటే కోసి, ఒంట్లోని కొవ్వంతా తీసి తూచాను. మిగిలినవాటికి చమురు తీసిన నూకలు తప్ప మరేమీ పెట్టలేదు. క్రిస్మసుకు ముందు వాటినీ కోసి తూచినప్పుడు కొవ్వు ఎక్కువగా కనిపిస్తే, దానికి బియ్యం తప్ప వేరొక మూలం ఉండటానికి వీలులేదు. మదరాసులోని మా ఆచార్యులు కొత్త సంవత్సరంలో ఓడెక్కి స్వదేశానికి వెళ్ళిపోతున్నారు. ఆలోగా ఫలితం అందితే అక్కడి విద్వత్సభలో నా పేరుతోనే చదువుతానని మాట ఇచ్చారు. మా వారు అబ్రహాముగారు పాఠశాలకు ప్రధానోపాధ్యాయులు. "చేసుకో. నా స్నానానికి నీళ్ళు మాత్రం ఆలస్యం కాకూడదు" అని అనుమతించారు. ఆలస్యం కానివ్వలేదు.

కోత పండుగనాడు ఆసుపత్రినుంచి వచ్చేసరికి బాతుల దడి ఖాళీగా ఉంది.

"చర్చికి పంపాను. మన ఇంటినుంచి ఇంత బలిసిన కానుక ఎన్నడైనా వెళ్ళిందా?" అన్నారు అత్తగారు సంతోషంగా.

"అవి నా పనికి కావలసినవండీ."

"దేవుడి పనికంటేనా?"

మా సంఘంలో కోత పండుగకు తెచ్చిన కానుకలను ఆరాధన కాగానే వేలం వేస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు అయ్యాక సంఘపెద్ద సత్తియ్యగారు నా బాతుల వంతు ఎత్తుకున్నారు. నేను స్త్రీల వరుసలోనుంచి లేచి వేలంపాట పాడాను. అక్కడ ఆడగొంతు పాడటం ఎవరూ ఎరుగరు.

"ఆ పాట లెక్కలోకి తీసుకోకండి సత్తియ్యగారూ. మా ఆవిడకు బాతులంటే ముద్దు" అన్నారు మా వారు పురుషుల వైపునుంచి. అందరూ నవ్వారు. నా జీతం మొదటినుంచీ ఆయన చేతికే వెళ్ళేది. నేను పాడినా చెల్లించవలసింది ఆయనేనని అక్కడున్న ప్రతివారికీ తెలుసు. కాని తరువాత ఆయనే అందరికంటే ఎక్కువ పాడి బాతులన్నింటినీ కొన్నారు. అప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది. కృతజ్ఞతతో ఆయన వైపు చూశాను.

"రేపు సంఘపెద్దలందరికీ మా ఇంట్లో భోజనం" అని ప్రకటించారు.

ఇంటికి వచ్చాక బతిమాలాను. కొవ్వు మాత్రం వేరుచేసి తూచుకుంటానని, మాంసమంతా వండిపెడతానని చెప్పాను.

"కొవ్వు తీసేస్తే కూరలో ఇంకేముంటుంది? పెద్దమనుషులకు పీచు వడ్డించమంటావా? వచ్చే ఏడు మళ్ళీ పెంచుకో. బాతులెక్కడికి పోతాయి?" అన్నారు.

మరునాడు నేనే కోశాను. చర్మం కింద కొవ్వు పసుపుపచ్చగా, నేను ఆశించినదానికంటే మందంగా ఉంది. చూడటం శాస్త్రం కాదు, తూచితేనే శాస్త్రం. అత్తగారు పక్కనే నిలబడి, ముక్కలు ఆలస్యమవుతున్నాయని తొందరపెట్టారు. అన్నీ కుండలో వేశాను.

బల్ల దగ్గర పెద్దలందరూ మెచ్చుకున్నారు. అత్తగారు వడ్డిస్తూ, "చిత్రమేమిటంటే, వట్టి నూకలే తిన్నాయండీ. చమురు చుక్క తగలనివ్వలేదు మా కోడలు. మరి ఇంత కొవ్వు ఎక్కడినుంచి వచ్చిందో" అన్నారు.

ఆ ప్రశ్నను నా ఇంట్లో ఒకరు నోరు తెరిచి అడగడం అదే మొదలు. మా వారు తలెత్తి నావైపు చూశారు. చెప్పడానికి నేను ఊపిరి కూడదీసుకున్నాను.

"అందులో చిత్రమేముందమ్మా? దేవుని దీవెన" అన్నారు సత్తియ్యగారు.

"ఆమేన్" అన్నారు మా వారు. వరుసగా అందరూ అన్నారు. నా వంతు వచ్చేసరికి బల్ల చుట్టూ చేతులు ఆగాయి. నేనూ ఆమేన్ అని, నా పరిశోధనను అక్కడితో ముగించాను.