పక్క సీటు బ్రేకు

డ్రైవింగు స్కూలు మాస్టారిని పడవెక్కించుకోవడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదని ఆ ఫార్మసిస్టుకు సూర్యుడు పైకి రాకముందే తెలిసొచ్చింది. ఏం చేస్తుంది మరి? రెండు సీట్ల కయాక్‌లో రోజూ వెనక కూర్చునే స్నేహితురాలు జ్వరంతో మంచమెక్కింది. గడువు చూస్తే ఈ రోజే. సరస్సు తూర్పు మూలన రెల్లులో మునుగుడుకోడి అనే నీటిపక్షి పిల్లలతో ఉందని పదింటిలోగా అటవీ శాఖకు ఫారం, ఫొటో పంపితే అటు మోటారు పడవలు రావు. పంపకపోతే రేపే దిగుతాయి. ఏడు వారాలుగా ఆ ఒక్క ఫొటో కోసం తెల్లవారుజామున లేస్తున్న మనిషి, గతిలేక అక్కను బతిమాలి బావను తెచ్చుకుంది.

నీళ్లు కదలకుండా ఉన్నాయి. బావ నోరే ఊరుకోవడం లేదు.

"మలుపొస్తోంది, అద్దంలో చూసుకో."

"పడవకి అద్దమెక్కడిది బావా?"

"అదే మరి! దీనికి పర్మిట్ ఎవడిచ్చాడో!"

ఆ మాటకు కొంగ లేచిపోయింది. అప్పుడే తల పైకెత్తిన నీటికుక్క బుడుంగున మునిగింది. ఆమె పళ్లు నూరుకుంది.

"మీకో దణ్ణం, కాసేపు మాట్లాడకండి. కాళ్ల దగ్గరున్న పెడళ్లు మాత్రం తొక్కకండి. అవి తొక్కితే చుక్కాని తిరుగుతుంది."

"ఒడ్డునే మూడుసార్లు చెప్పావుగా, మరదలు పిల్లా. నేనేమైనా చంటివాడినా?"

రెల్లు దగ్గరికి చేరారు. తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఆమె కెమెరా కంటికి ఆనించింది. గడ్డి కదిలింది. గోధుమరంగు మెడ ఒకటి బయటికొచ్చింది. వేలు బటన్ మీదుంది. సరిగ్గా అప్పుడే, మెల్లగా ముందుకు జారుతున్న కయాక్ గిర్రున పక్కకు తిరిగింది. కెమెరాలో ఆకాశం పడింది, రెల్లు పడింది. పక్షి మాత్రం పడలేదు.

"ఏం చేశారు బావా!"

"బ్రేకేశాను." ఆయన ముఖం పాలిపోయింది. "పిల్లలతో అడ్డమొచ్చింది కదా! ఇరవై రెండేళ్లుగా పక్క సీట్లో కూర్చుని నేనే బ్రేకు తొక్కుతున్నాను. కాలు నా మాట వినదమ్మా."

ఆమెకు ఏడుపొచ్చింది. తొమ్మిదిన్నర దాకా అక్కడే కాచుకున్నారు. బావ బాసింపట్టు వేసుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు. ఒక్క పక్షీ బయటికి రాలేదు.

ఒడ్డున ఫారం తీసింది. ఫొటో పెట్టాల్సిన చోటు వదిలేసింది. పిల్లలెన్ని అన్న చోట పెన్ను ఆగిపోయింది. కెమెరా కంటికి అడ్డం పెట్టుకుని, ఏడు వారాలు ఎదురుచూసిన తానే ఒక్క పిల్లనూ చూడలేదు.

"నాలుగు," అన్నాడు బావ, తలొంచుకుని. "మూడు ఈదుతున్నాయి. ఒకటి తల్లి వీపు మీదుంది."

తెడ్డు పెట్టి ఒక్కటిద్దామన్నంత కోపం వచ్చింది ఆమెకు. ఫొటో లేని ఫారం చెల్లదు. అయినా 'నాలుగు' అని రాసింది.

"వీపు మీదున్నది ఎలా ఉంది?" అని అడిగింది. గొంతులో కోపం అలాగే ఉంది.