ఎర్రల బొంగు, ఏడో మెట్టు

తెల్లారగానే గేదెల దొడ్డి వెనక్కి పోయి, పారతో మన్ను తిరగేసి, వానపాములు ఏరుకోవడం సింగ్‌ఖామ్‌కి మొహం కడుక్కోవడం లాంటిది. ఒక్కొక్క ఎర్రనీ వేలికి చుట్టుకుని, మన్ను దులిపి, నడుముకి వేలాడే వెదురు బొంగులో వేసుకుంటాడు. మెకాంగ్ ఒడ్డున ఆ ఊళ్ళో గాలం వేసే ప్రతివాడికీ అలాంటి బొంగు ఉంటుంది. ఎవడిది వాడే చేసుకోవాలి. అడుగున కణుపు ఉండేట్టు జానెడు ముక్క కోసి, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో పక్కల చిల్లులు పొడిచి, లోపల తడి అరటిదూట ముక్కలు పరిచి, పైన కొబ్బరిచిప్ప మూత బిగిస్తే ఎర్రలు నాలుగు రోజులు నిక్షేపంగా ఉంటాయి.

ఒక్కటే జాగ్రత్త. బొంగు కట్టుకున్నవాడికి ఎవడి మీదైనా కడుపు మండిందా, బొంగు టక్కున ఇంకో కణుపు వేస్తుంది. మూత ఎగిరిపోతుంది, మూతి పూడుకుపోతుంది, ఎర్రలు అడుగున బందీలు. రంపంతో కోస్తే గానీ ఎర దొరకదు. ఊళ్ళో దీన్నెవరూ వింతగా చూడరు. వాన పడేట్టుంటే గొడుగు పట్టుకెళ్ళినట్టు, కుళ్ళు కాస్త ఎక్కువున్నవాళ్ళు చిన్న రంపం వెంటపెట్టుకుంటారు, అంతే.

సింగ్‌ఖామ్ రంపం పిడి ఆర్నెల్లలో అద్దంలా నునుపెక్కింది. ఆర్నెల్ల కిందటే మరదలి పెళ్ళయింది.

ఆ దేశంలో అల్లుళ్ళందరూ ఇల్లరికమే. పెద్దల్లుడు వచ్చి కొన్నేళ్ళు చాకిరీ చేస్తాడు. చిన్నకూతురికి మొగుడు రాగానే మూటాముల్లె సర్దుకుని వేరే ఇల్లు చూసుకుంటాడు. ఇల్లూ, పడవా, అత్తమామలూ చిన్నల్లుడి వంతు. ఆ ఇంటి కప్పు ఏడేళ్ళు నేసినవాడు సింగ్‌ఖామ్. ఆ పడవకి ఏడేళ్ళు డాంబరు పూసినవాడూ సింగ్‌ఖామే. ఇప్పుడు అనులక్ అనే నవ్వుమొహంవాడొకడు వచ్చి అందులో కాళ్ళు చాపుకు కూర్చున్నాడు.

వరికోతల్లోపు సింగ్‌ఖామ్ కదలాలి. ఏటిగట్టు మీద మామ స్థలం అయితే ఇచ్చాడు గానీ దాని మీద ఒక్క గుంజ లేదు. గుంజ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఊరి వెదురు తోపంతా ఆ ఏడు పూతపూసి నిలువునా ఎండిపోయింది.

ఆ పొద్దున పడవలో మామ వెనక తెడ్డు దగ్గర, అనులక్ ముందు, సింగ్‌ఖామ్ మధ్యలో. అనులక్ బొంగు చూస్తే ఎవడికైనా కన్ను కుడుతుంది. దాని చుట్టూ సన్నటి వెదురు దబ్బలతో తొడుగు అల్లి, ఆ తొడుగు మీద గంటగంటకీ నీళ్ళు చిలకరిస్తాడు. లోపలంతా మంచుకుండే. పైగా రెండు అరలు: లావు ఎర్రలకొకటి, సన్నవాటికొకటి.

"చూశావా పెద్దల్లుడూ," అన్నాడు మామ, "వీడి ఎర్రలు తొమ్మిది రోజులైనా పెళ్ళికొడుకుల్లా మెరిసిపోతున్నాయి."

టక్.

"మళ్ళీనా!" మామ తెడ్డు ఆపాడు. "కొయ్యి, కొయ్యి. చేపలు ఆగుతాయా నీకోసం?"

"రంపం ఉందా అన్నా?" అన్నాడు అనులక్ పాపం, సాయం చేద్దామనే. "నేనైతే కొననే లేదు. ఇంతవరకూ అక్కరపడలేదు."

టక్.

ఆ రోజు అనులక్ పదకొండు జెల్లలు పట్టాడు. సింగ్‌ఖామ్ రంపప్పొట్టు పట్టాడు.

అతని భార్య మణిచన్ మాత్రం కోసిన కణుపుల్లో ఒక్క ముక్కా పారేసేది కాదు. ఉప్పుకొకటి, ఎండుమిరపకాయలకొకటి, జిగురన్నం వండుకోడానికి నాలుగు. పొరుగావిడ గుమ్మంలోకొచ్చి, "మా ఆయన మరీ మంచోడే మణిచన్, ఏడాదికొక్క కణుపు రాలదు. రెండు గొట్టాలుంటే ఇద్దూ," అని అడిగి పట్టుకుపోయేది.

వానలు వెనకబట్టిన రోజున ఊరంతా ఏటిగట్టున చేరినప్పుడు, మామ పడవ తాడు తీసి నలుగురి ముందూ అనులక్ చేతిలో పెట్టాడు. సింగ్‌ఖామ్ నెమ్మదిగా తన ఖాళీ స్థలానికి నడిచి, నడుము బొంగు ఊడదీసి, బురదలోకి ఒక్క పోటు దింపాడు.

టక్. టక్. టక్టక్టక్. మోకాలెత్తు, మనిషెత్తు, కొబ్బరిచెట్టెత్తు.

మణిచన్ వెతుక్కుంటూ వచ్చి, చెయ్యి నొసటికి అడ్డంపెట్టుకుని పైకి చూసింది. తర్వాత మొగుడి మొహం చూసింది. మళ్ళీ పైకి చూసింది.

"ఇలాంటివి ఇంకో మూడుంటే," అంది, "నాలుగు మూలలకీ సరిపోతాయి."

"నా ఏడుపు నేనేడుస్తుంటే నీకు గుంజలు కావాలా?"

"ఏడుపెలాగూ ఏడుస్తున్నావు. ఊరికే పోవడమెందుకు? అది నరికి, బొంగు ఇంకోచోట పాతు." అతను నరికి పాతేదాకా ఆగి అడిగింది, "నిన్న మా అమ్మ జెల్ల తలకాయ ఎవరి గిన్నెలో వేసింది?"

"నాకు తోక వేసింది."

"తోక సంగతి కాదు నేనడిగింది."

టక్టక్టక్.

అలా మొదలైంది ఇంటి పని. పొద్దున్నే మణిచన్ లెక్క చెప్పేది: ఇవాళ వాసాలు ఆరు, రేపు నేలకి దబ్బలు. దూలం రోజున మటుకు చాలాసేపు ఆలోచించి, చెవి దగ్గరికొచ్చి చెప్పింది. "మా నాన్న అనులక్‌ని 'కొడుకా' అని పిలిచాడు."

అరచెయ్యంత లావు బొంగు పన్నెండు మూరలు పోయింది.

"నిజంగా పిలిచాడా?" అన్నాడు సింగ్‌ఖామ్.

"దూలం వచ్చింది కదా, ఇంకెందుకు ఆ మాట? కొయ్యి."

పద్దెనిమిది రోజులకి ఇల్లు నిలబడింది. మనిషెత్తు గుంజల మీద నేల, చుట్టూ తడికలు, గడ్డి కప్పు. మిగిలింది నిచ్చెన. ఆరు మెట్లు వేశాక వెదురు అయిపోయింది. సరిసంఖ్య మెట్లు దయ్యాలు ఎక్కడానికి. మనుషులు కాపురముండాలంటే ఏడో మెట్టు పడాల్సిందే. తెల్లారితే గృహప్రవేశం.

సింగ్‌ఖామ్ ఇంటి కింద నీడలో, ఒళ్ళో బొంగు పెట్టుకుని కూర్చున్నాడు. మణిచన్ ఎదురుగా కూర్చుని మొదలెట్టింది.

"అనులక్ ఇవాళ గంపెడు చేపలు పట్టాడు."

"పట్టనీ."

"మా అమ్మ వాడికి కొత్త లుంగీ నేస్తోంది."

"మంచిదే. చలికాలం."

"పడవకి రంగులేస్తున్నాడు, నీ పడవకి!"

సింగ్‌ఖామ్ తల పైకెత్తి, తన నేల దబ్బల సందుల్లోంచి పడే ఎండని చూస్తున్నాడు. "డాంబరు పూశాకే వెయ్యమను. లేకపోతే ఊడొస్తుంది."

బొంగు ఉలకలేదు, పలకలేదు.

"ఏమయ్యా, ఒక్కటి! ఒక్కటంటే ఒక్క కణుపు!" మణిచన్‌కి ఏడుపొకటే తక్కువ. "ఆర్నెల్లు కుళ్ళినవాడివి, ఇంకొక్కపూట కుళ్ళలేవూ?"

అప్పుడే అనులక్ వచ్చాడు, చేతిలో ఓ పెద్ద వాలుగ వేలాడేసుకుని. గృహప్రవేశానికి చదివింపు. చేపని మణిచన్‌కిచ్చి, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగాడు. తడిక మీద చెయ్యి వేశాడు.

"అన్నా, ఇక్కడ ఎన్నింటికి లేస్తావు?"

"మెలకువొచ్చినప్పుడు."

"అత్తయ్య కేకెయ్యదూ?"

"ఇంత దూరం వినపడదు."

"తడి కాళ్ళతో ఎక్కితే? మామయ్య గొణుగుతూనే ఉంటాడు కదా..."

"ఎవరి కాళ్ళు వాళ్ళవే ఇక్కడ."

అనులక్ తలెత్తి ఇంట్లోకి చూశాడు. "అయితే తినేటప్పుడు మీరిద్దరేనా?"

"ఇద్దరమే," అన్నాడు సింగ్‌ఖామ్. "తలకాయ నాకే."

టక్.

సింగ్‌ఖామ్ ఒళ్ళోకి చూసుకున్నాడు. తనది కాదు. అనులక్ నడుము దగ్గర అంత అందమైన తొడుగూ పగిలి దబ్బలు విచ్చుకున్నాయి. కొబ్బరిచిప్ప మూత దొర్లుకుంటూ పోయి గుంజకి తగిలింది. బొంగులోంచి లేత పచ్చటి కణుపొకటి, ఒక్కటే, మూరన్నర పొడుగున చంక కిందికి పొడుచుకొచ్చింది. అనులక్ దాన్ని రెండు చేతులతో దాచబోయాడు. మూరన్నర ఎక్కడ దాగుతుంది?

మణిచన్ బొంగు వంక చూసి, నిచ్చెన వంక చూసి, పెదాలు బిగబట్టుకుంది.

సింగ్‌ఖామ్ నడుము నుంచి రంపం తీసి, పిడి వైపు తిప్పి అందించాడు.

"నిదానంగా కొయ్యి తమ్ముడూ, మెట్టు కొలత. లోపల ఎర్రలుంటాయి, జాగ్రత్త." కొంచెం ఆగి అన్నాడు, "రంపం తిరిగివ్వక్కర్లేదు. నీ దగ్గరే ఉంచుకో."