నర్సిగని బడి

ఖాజాగూడలో భూలక్ష్మి నోటికి జడవని మనిషి లేదు. నెత్తిన కంకర తట్ట ఉండగానే మేస్త్రీతో పోట్లాడేది, పోట్లాట తేలేదాకా తట్ట దించేది కాదు. అలాంటి మనిషి కొడుకును ఏ బడిలో వెయ్యాలో తేల్చుకోలేక ఎండాకాలమంతా కొట్టుమిట్టాడింది. మూడేళ్ళు నిండని నర్సింహకు బడేమిటని నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వేవాళ్ళకేం పోయింది? ఆమె తండ్రి రాయదుర్గం గుట్టల మీద బండలు కొట్టి కొట్టి, ఆ దుమ్ము మింగి, ఊపిరాడక పోయాడు. మొగుడు మొగిలి కూడా అప్పటికే తెల్లవారగట్ల దగ్గుతున్నాడు. ఆ సుత్తి కొడుకు చేతికి రాకూడదు. ఆమె కోరింది అంతే.

ఉన్నవి రెండే దారులు. ఊళ్ళో రుక్కమ్మ నడిపే బాలవాడి ఒకటి. రేకుల కొట్టం, చాపలు, మధ్యాహ్నం ఉడకబెట్టిన శనగ గుడాలు. పిల్లలు పాటలు పాడతారు, పడుకుంటారు, లేచి మేకల వెంట పరుగెత్తుతారు. రుక్కమ్మ అక్షరం జోలికి పోదు గానీ ముక్కులు తుడుస్తుంది, ఏడిస్తే చంకనేసుకుంటుంది. రెండోది రాయదుర్గం దారిలో కొత్తగా పెట్టిన బడి. జై ఆంధ్ర గొడవలు సద్దుమణిగిన మరుసటేడు దానికి శిశు తరగతి కలిపారు. అక్కడ చేరేది ఎక్కువగా నౌకరీలు చేసేవాళ్ళ పిల్లలే.

హెడ్మాస్టరు భీమేశ్వరరావు మంచివాడే, కసిరికొట్టలేదు. "శిశు తరగతిలో కూర్చున్న పిల్లలకే ఒకటో తరగతిలో సీటమ్మా. బాలవాడి నుంచి వచ్చేవాళ్ళకి నేను మాట ఇవ్వలేను" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. మొగిలికి మనసొప్పలేదు.

"గింత పోరడు గంత దూరమెందుకే. రుక్కమ్మక్క కాడుంటే కండ్ల ముంగట్నే ఉంటడు."

"కండ్ల ముంగట ఉండి ఏం నేర్సుకుంటడు? మేకల ఎంబడి ఉరుకుడా? ఇంకో ఏడాది పోతే నువ్వే సుత్తి పట్టిస్తవు."

భూలక్ష్మితో మాట్లాడి నెగ్గినవాడెవడు గనక. రుక్కమ్మ మాత్రం చిన్నబుచ్చుకుంది. "మా కొట్టంల ముండ్లున్నయా ఏంది" అని వారం పాటు మొహం తిప్పుకుని తిరిగింది.

నర్సిగడు బడికి పోయాడు. పొద్దున్నే తల్లి చంకన పోయేవాడు, బడి దగ్గర దిగి తనే నడిచేవాడు. టీచరమ్మ జయలక్ష్మి ఆ ఏడే గుడివాడ నుంచి వచ్చిన మనిషి. పిల్లలను కొట్టదు, మాట మెత్తన. వారం తిరక్కుండా వాడు 'అ' గీసి, పలక నెత్తిన పెట్టుకుని క్వారీ అంతా చూపించాడు. భూలక్ష్మికి ఆ రోజు తట్ట బరువే తెలియలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఆషాఢం వచ్చినా ఎండ మాడ్చేస్తోంది. ఒక శుక్రవారం పొద్దెక్కాక, బడి పక్కనే జొన్నచేను దున్నుతున్న ఐలయ్య క్వారీకి పరుగెత్తుకొచ్చాడు. భూలక్ష్మి పేరు పిలిచి బడి వైపు చెయ్యి చూపించాడు. ఆమె తట్ట పడేసి పరుగెత్తింది. బడి వెనక బండలు తీసి వదిలేసిన పాత గుంత ఒకటి ఉంది, అడుగున నిరుటి నీళ్ళు. అప్పటికే నర్సిగణ్ణి పైకి తీసి గట్టున పడుకోబెట్టారు. నీళ్ళు తాగబోయి జారినట్టుంది, వాడి అరచేతులకు పచ్చని నాచు అంటుకుని ఉంది.

తర్వాత ఊరు అనాల్సిందంతా అంది. బాలవాడిలో వేసుంటే బతికేవాడని ఆమెకు వినబడేటట్టే అన్నారు. మొగిలి ఒక్క మాట అనలేదు. అతను తిట్టినా బాగుండేది. భూలక్ష్మి టీచరమ్మను తిట్టింది, ఆ గుంత తవ్వినవాణ్ణి తిట్టింది, చివరికి పోయిన కొడుకునే తిట్టింది. "బడిల కుండ నిండ నీళ్లుండంగ గా గుంతలకెందుకు పోయినవురా. టీచరమ్మను అడగనీకి నోరు లేదారా నీకు" అని గోడకేసి తల కొట్టుకుంది. పడుకున్నా లేచినా అదే ప్రశ్న ఆమెను తొలిచేసింది.

మూడోనాడు జయలక్ష్మి వచ్చింది. ఒక్కతే నడిచొచ్చింది. గుడిసెలో మొగిలి గోడకానుకుని ఉన్నాడు, రుక్కమ్మ పొయ్యి దగ్గర ఉంది. భూలక్ష్మి లేచి తిట్టబోయి, ఆ మనిషి ఉబ్బిపోయిన కళ్ళు చూసి ఊరుకుంది.

"నన్ను తిట్టండమ్మా, కొట్టండి" అంది టీచరమ్మ కింద కూర్చుంటూ. "ఆ రోజు ఆయా సక్కుబాయి రాలేదు. ఒంటేలుకని పిల్లల్ని వెనక్కి వదిలాను. నేను పలకలు దిద్దుతూ ఉండిపోయాను. నా తప్పే. మీకు ఒక్కటి చెప్పి పోదామని వచ్చాను. వాడు ఆ పూట ఎంత ముద్దుగా ఉన్నాడో."

భూలక్ష్మి తల ఎత్తింది.

"శుక్రవారం కదమ్మా, పొద్దున పటానికి సాంబ్రాణి ధూపం వేశాం. కాసేపటికి వాడొచ్చి నా కొంగు పట్టుకుని, 'దూప టీచర్, దూప' అన్నాడు. ఆ పొగంటే సరదా పడ్డాడు. అయిపోయింది నాన్నా, మళ్ళీ శుక్రవారం వేద్దాం అన్నాను. బుద్ధిగా వెళ్ళి కూర్చున్నాడు. మళ్ళీ వచ్చి అదే అడిగాడు. నవ్వి, బుగ్గ గిల్లి పంపించాను. ఇక అడగలేదు."

రుక్కమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. మొగిలి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. జయలక్ష్మికి ఏమీ అర్థం కాక ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"ఏమైందమ్మా? నేనేమన్నాను?"

"దూపంటే పొగ కాదు టీచరమ్మ" అంది రుక్కమ్మ. "నోరెండుకపోవుడు. నీళ్లడిగిండు పోరడు."

"దాహమా?" అంది జయలక్ష్మి. కూర్చున్నది కూర్చున్నట్టే నేల మీదికి ఒరిగిపోయింది. రుక్కమ్మే పోయి ఆమెను పట్టుకుంది.

భూలక్ష్మి తిట్టలేదు. మొగుడితో మెల్లగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు అంది.

"అడిగిండట. రెండుమాట్ల అడిగిండట. నేను ఊకె తిడితి." మళ్ళీ తనే అంది. "దాహమంటరని నాకెరికే. పంచాయతి రేడియోల ఇన్న. మనకు దూపనే గద, గదొక నేర్పే మాటని తోచకపాయె. నేర్పితే ఒక్క పూటల నేర్సుకునేటోడు."

మొగిలి వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె ఆ చెయ్యి తీసేసి, పిల్లవాడు పడుకునే మూలకు తిరిగి కూర్చుంది.

"దాహం అనాలె బిడ్డా" అంది. "దాహం. ఏదీ, అను."