ఆఖరి వరుస మైకు

నేను ఒక మైకును. మాట్లాడించడం నా వృత్తి అని మీరనుకుంటారు. నా ఉద్యోగకాలమంతా వినడంతోనే సరిపోయింది.

నాలాంటి నాలుగు వందల మందిని ఒకే కార్ఖానాలో, ఒకే రోజు తయారుచేశారు. సముద్రాల గురించి దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకునే ఒక సంస్థ మమ్మల్ని తెచ్చి తన సభామందిరంలో బిగించింది. దాని పేరు చెప్పి దానికి లేని గౌరవం కట్టబెట్టను. నా తోటివాళ్లంతా దేశాల ముందు కుదురుకున్నారు. నాకు మాత్రం ఆఖరి వరుసలో, తలుపు పక్కన చోటిచ్చారు. నా ముందున్న పలక మీద ‘పౌర సమాజం’ అని ఉండేది. ఏ ప్రభుత్వానికీ చెందని ప్రజా సంఘాలవాళ్లు కూర్చునే చోటన్నమాట.

నా బొత్తం నొక్కితే మాట రాదు. అధ్యక్షుడి బల్ల మీద ఓ చిన్న దీపం మిణుకుమంటుంది, అంతే. ఆయన దయతలిస్తే నా మెడ చుట్టూ ఎర్ర వలయం వెలుగుతుంది, అప్పుడే మాట సభకు వినిపిస్తుంది. ఆయన దయ ఎలాంటిదో చెబుతాను వినండి. ముందు దేశాలు మాట్లాడాలి. అధ్యక్షుడయినందుకు ఆయన్ని ప్రతి దేశమూ అభినందించాలి. ఆయన ప్రతి దేశానికీ కృతజ్ఞతలు చెప్పాలి. ఈ మర్యాదలన్నీ తీరాక వేళ మిగిలితే నా వంతు, అదీ రెండు నిమిషాలు. సరిగ్గా ఆరుకి దుబాసీలు చెవుల పరికరాలు తీసేసి వెళ్లిపోతారు. ఆ భవనంలో చెప్పిన మాట ప్రకారం నడుచుకునేది వాళ్లొక్కరే.

సంఘాలవాళ్లంతా మహానుభావులని కూడా అనను. ఏటేటా వచ్చే ఆసాములు కొందరు నా మెడ పట్టుకుని, నోరు తెరిచి, ఫొటో దిగి కాఫీకి వెళ్లిపోయేవారు. ఎర్ర వలయం వెలగలేదన్న చింత వాళ్లకేనాడూ లేదు.

అలాంటి చోటికి మైలపల్లి పోలమ్మ వచ్చింది. శ్రీకాకుళం తీరంలో చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆవిడ చేపలారబెట్టే ఇసుక మీద రేవు కట్టబోతున్నారు. ఈ సంస్థ ఏం రాస్తే దానికే కట్టుబడతామని ఆ రేవు కంపెనీవాళ్లు ఊరి ముందు మాటిచ్చారట. ఆ ఏడు సంస్థ రాస్తున్న పత్రంలో ఆరో అంశం అదే: తీరం తీసుకునేముందు అక్కడి జాలర్లను ‘సంప్రదిస్తే’ చాలని ఉంది. ‘ఒప్పించాలి’ అని మార్చమని అడగడానికే పోలమ్మ ఇంత దూరం వచ్చింది. తోడుగా హైమ అనే విశాఖపట్నం వకీలు ఉంది. సంస్థ భాషల్లో తెలుగు లేదు కనుక పోలమ్మ మాటను ఇంగ్లీషులో చెప్పాల్సింది ఆ అమ్మాయే.

పొద్దుటినుంచి ఇద్దరూ నా ముందే సాధన చేశారు.

“అత్తా, మూడు నిమిషాలైపోయింది. మీ మామగారి కథ తీసేద్దాం.”

“ఆ ఇసక సదును సేసినోడే ఆయన గదేటి, అమ్మీ! సర్లే, తీసెయ్యి. మా ఆడోళ్ల మాట మటుకు ఉంచు.”

సాయంత్రానికి ప్రసంగంలోంచి మామగారు పోయారు, తుఫాను పోయింది, ఆడవాళ్లు మిగిలారు. లెక్కకు రెండు నిమిషాలు. దేశాలు మాత్రం ఒక్క అభినందన కూడా తగ్గించుకోలేదు. ఆరుకి ఐదు నిమిషాలుందనగా అధ్యక్షుడు గొంతు సవరించుకుని, పౌర సమాజ మిత్రులు తమ ప్రసంగాన్ని రాతలో ఇస్తే వెబ్‌సైటులో పెడతామన్నాడు. వెంటనే సమావేశ నివేదికను ఆమోదానికి పెట్టాడు.

చివర్లో ఆమోదించే నివేదికను అక్కడ ముందురోజే రాసి పెట్టుకుంటారు. ఎవరేమంటారో వాళ్లకు ముందే తెలుసు మరి! హైమ కాగితం తిరగేస్తూ ఓ చోట ఆగిపోయింది.

“అత్తా, ‘పౌర సమాజ ప్రతినిధులు ఆరో అంశాన్ని స్వాగతించారు’ అని రాశారు.”

“పెతినిదులంటే ఎవులు?”

“మనమే.”

పోలమ్మ ముఖం నల్లబడింది. నా బొత్తం నొక్కింది. అధ్యక్షుడి బల్ల మీద దీపం మిణుకుమంది. ఆయన చూశాడు. నివేదికలో తప్పుంటే దేశాలే చెప్పాలి, సంఘాలు చెప్పకూడదని నియమం. ఆయన నియమం తప్పే మనిషి కాడు. హైమ పరుగున వెళ్లి తన దేశపు అధికారి వెనక నిలబడి బతిమాలింది. ఆయన గడియారం చూసుకున్నాడు. పోలమ్మ వలయం కోసం ఆగలేదు. నా మీదకు వంగి గట్టిగా అంది:

“నానొప్పుకోనేదు!”

సంస్థ ఫొటోగ్రాఫరు ఆ క్షణాన్ని చక్కగా తీశాడు. అధ్యక్షుడి సుత్తి బల్ల మీద పడింది. నివేదిక ఆమోదమైంది. నా బతుకులో అంత సిగ్గుపడ్డది లేదు.

మరుసటి ఏడు హైమ ఒక్కతే వచ్చింది. పక్క కుర్చీ ఆవిడకు చెబుతుంటే విన్నాను. కంపెనీవాళ్లు ఆ నివేదికను తెలుగులో అచ్చువేసి ఊరంతా పంచారు. ప్రతినిధుల జాబితాలో పోలమ్మ పేరు కింద గీత కూడా గీశారు. “మీ మనిషే అక్కడికెళ్లి ఒప్పుకొచ్చింది” అన్నారు. ఒప్పుకోలేదని పోలమ్మ ఒట్టేసి చెప్పినా, అచ్చయిన కాగితం ముందు ఆవిడ మాట నిలబడలేదు. ఏ ఆడవాళ్ల మాట ఉంచమందో, ఆ ఆడవాళ్లే ఆవిడ పక్కన తట్ట దించడం మానేశారు. ఇసుక మీద కంచె పడింది.

తర్వాత కొత్తరకం మైకులొచ్చాయి. మమ్మల్ని పీకేశారు. తోటివాళ్లంతా తుక్కులోకి పోయి బాగుపడ్డారు. నన్ను మాత్రం సందర్శకుల గదిలో అద్దాల పెట్టెలో పెట్టి, ‘ప్రజల గొంతును ప్రపంచానికి వినిపించిన మైకు’ అని రాశారు.

వెనక గోడకు పోలమ్మ ఫొటో ఉంది. నా మీదకు వంగి, నోరు తెరిచి ఉంటుంది. చూసినవాళ్లంతా ఆహా అనుకుంటూ వెళ్లిపోతారు. నా మెడ చుట్టూ వలయం వెలగలేదని ఆ ఫొటోలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కరూ చూడలేదు.