భువన తెచ్చిన సీసా

“బిడ్డ కండ్ల కింద ఉబ్బినట్లుండాది. నాకేందో బయమైతాంది,” అంది శివజ్యోతి. భువన అప్పుడే పక్క మీంచి లేచి కూర్చుంది.

“నిద్ర లేసినోళ్ల మొగం ఎవురిదైనా ఉబ్బే ఉంటాది. నీది అద్దంలో సూస్కోపో,” అన్నాడు ఆమె భర్త వీరభద్ర. బండల పాలిషింగు పనికి పొద్దెక్కుతోందని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

రెండు నెలల కిందట ఎనిమిదేళ్ల భువన కాళ్ల నిండా ఎర్రెర్రటి మచ్చలు లేచాయి. చీమలు కుట్టాయనుకున్నారు. మోకాళ్లు వాచి, కడుపునొప్పితో పిల్ల మెలికలు తిరిగిపోతే కర్నూలు పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయారు. సన్న రక్తనాళాలు వాచే జబ్బట. మచ్చలు పోయాయి, నొప్పులూ పోయాయి. డాక్టరు మాత్రం, “ఇప్పుడే జాగ్రత్తమ్మా. కిడ్నీ జల్లెడ లాంటిది. ఈ జబ్బు దాన్ని పట్టుకుంటే మూత్రంలో రక్తం దిగుతుంది. ఆరు నెలలు వారం వారం పరీక్ష చేయించాల,” అన్నాడు. పోయిన జబ్బు పోకుండా ఎక్కడ దాక్కుంటుందో శివజ్యోతికి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఎవర్ని అడిగినా, పిల్ల బాగుంది కదా అనేవాళ్లే.

ఆ రోజు పరీక్షకు మూత్రం పట్టే సీసా తీసుకుని శివజ్యోతి వెంట వెళ్లబోతే, “నువ్వు రావాకు మా, నాకు సిగ్గు,” అని భువన తలుపేసుకుంది. తానే నింపి, మూత బిగించి తెచ్చిచ్చి, తల్లి వెంట బయల్దేరింది.

బేతంచెర్ల బజారులోని ల్యాబులో పరీక్షలు చేసే మహేశ్వరి ఆ సీసాలో కాగితపు పుల్ల ముంచి చూసింది. రంగు మారలేదు. సీసా వెలుతురుకెత్తి, వాసన చూసి, “అక్కా, ఇది మూత్రం కాదు. ఉత్త నీళ్లు,” అంది.

శివజ్యోతి సీసా లాక్కుని చూసింది. “అంటే తాగిన నీళ్లు తాగినట్లే దిగిపోతాండాయా? జల్లెడ అంతా చినిగిపాయనా?”

మహేశ్వరికి నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకుంది. “అట్లెందుకు దిగుతాయక్కా? ఎవురో కొళాయి నీళ్లు పట్టినారు.”

ఎవరు పడతారు? తాను సీసా కడిగి వంపలేదేమో. కానీ అంచు దాకా ఉన్నాయే. అప్పుడు తిరిగి కూతురి వైపు చూసింది. బల్ల మీద కూర్చున్న భువన తల వంచుకుని నేల బండలు చూస్తోంది.

“నువ్వు పట్టినావా?”

భువన తల ఇంకా కిందికి దించుకుంది.

“ఎందుకు పట్టినావు నాయనా?”

బయట బండల లారీ పోతే టేబుల్ మీది సీసాలన్నీ గలగలలాడాయి. కొట్టాలో, కావలించుకోవాలో తెలియక శివజ్యోతి పిల్ల ముందు నేల మీదే చతికిలబడింది. మహేశ్వరి ఖాళీ సీసా ఒకటి తెచ్చి పక్కన పెట్టింది. ఇంకో లారీ పోయింది. ఆ వెనకే మరొకటి.

“మూడు దినాల నుంచి ఎర్రగా టీ డికాషన్ మాదిరి వస్తాంది మా,” అంది భువన చివరికి. “మళ్లా కర్నూలు పోతే నువ్వు మళ్లా ఆ ఆసుపత్రి మెట్ల మీద కూచోని ఏడుస్తావని, నీళ్లు పట్టినా.”