ఓబెద్ తుపాకి, సైలాస్ దోనె

ముసలి పుల్లెన్ పోతూపోతూ తనకున్నదంతా కొడుకులిద్దరికీ సమానంగానే పంచాడు. తొమ్మిదడుగుల పెద్ద తుపాకి పెద్దవాడు ఓబెద్‌కి. ఆ తుపాకిని మోయడం కోసమే తన చేతులతో చెక్కి చేసుకున్న దోనె చిన్నవాడు సైలాస్‌కి. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు కాబట్టి ఇద్దరూ కలిసే ఉంటారని ఆయన ఆలోచన. ఆయన్ని పూడ్చిపెట్టి ఇంటికొచ్చిన సాయంత్రమే ఆ ఆలోచన బెడిసికొట్టింది.

"నీ దోనె నాకిచ్చెయ్యరా," అన్నాడు ఓబెద్.

"నీ తుపాకే నాకిచ్చెయ్ అన్నా," అన్నాడు సైలాస్.

"తుపాకి లేని దోనెతో ఏం చేస్తావు? అందులో కూర్చుని పీతలకి పాఠాలు చెబుతావా?"

"దోనె లేని తుపాకితో నువ్వేం చేస్తావు? దాని మీద వదిన బట్టలారేసుకుంటుందా?"

అంతే. ఆ పూటనుంచి అన్నదమ్ములకి మాటల్లేవు.

గ్రేనెస్ రేవులో అలాంటి తుపాకులు అయిదున్నాయి. ఒక్కోటి నిండు బస్తా బరువు. భుజానికి ఆనించి కాల్చే మొనగాడు ఇంకా పుట్టలేదు. దోనె ముక్కు మీదుగా గొట్టాన్ని బయటికి పెట్టి, వెనక్కి తన్నకుండా లావుపాటి మోకుతో కట్టి, దోనె అడుగున బోర్లా పడుకుని, నీటి మీద తేలే బాతుల గుంపు దగ్గరికి అంగుళం అంగుళం పాకాలి. ఒక్కసారి మందు కూరితే ఒక్కటే దెబ్బ. ఆ దెబ్బ తప్పితే ఆ రోజుకి సెలవు.

మొదటి చలికాలం ఓబెద్ పౌరుషానికి పోయి తుపాకిని ఒంటిచక్రం తోపుడుబండికి కట్టి కట్ట మీద నుంచి కాల్చాడు. బాతులకి ఏమీ కాలేదు. బండి మాత్రం ఓబెద్‌ని ఎక్కించుకుని, కట్ట దిగి, సైలాస్ కాబేజీ మడిలోంచి అవతలికి వెళ్ళిపోయింది. రెండో చలికాలం సైలాస్ ఒక్కడే దోనె తీసుకెళ్ళి, భుజాన పెట్టి కాల్చేవాటిలో అన్నిటికంటే లావు గొట్టం తుపాకి ఎవరినో బతిమాలి తెచ్చి కాల్చాడు. రెండు బాతులు పడ్డాయి. సైలాస్ కూడా పడ్డాడు, నీళ్ళలో. నెల్లాళ్ళపాటు ఎడమచేత్తో తిన్నాడు.

తినడం మాత్రం అన్నగారింట్లోనే. సైలాస్‌కి పెళ్ళి కాలేదు, వంట రాదు. గొడవకి ముందూ ఆ ఇంట్లోనే తినేవాడు, గొడవయ్యాకా అదే కుర్చీ. మాటలన్నీ ఓబెద్ భార్య డోర్కస్ మీదుగా నడిచేవి.

"వదినా, ఆ ఆవపిండి గిన్నె ఇటు జరపమని మీ ఆయనకి చెప్పు."

"చెయ్యి చాపితే అందుతుందని నీ మరిదికి చెప్పు, డోర్కస్."

"భుజం ఇంకా లాగుతోందని చెప్పు వదినా."

"ఎవరు కాల్చమన్నారో కనుక్కో."

డోర్కస్ గరిటె బల్ల మీద పెట్టింది. "నేను పోయిన వారమే చచ్చిపోయానని మీ ఇద్దరికీ ఎవరైనా చెప్పండయ్యా," అని, ఆవపిండి గిన్నె తనే తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇద్దరూ ఉడికిన మాంసం చప్పగా తిన్నారు.

మూడో చలికాలం మొదట్లో రేవులో తుపాకులవాళ్ళందరికీ పెద్ద అయిన ఎజ్రా తాత వచ్చాడు. ప్రతి ఏడూ మొదటిసారి గట్టిగా గడ్డకట్టిన తెల్లవారుజామున అయిదు దోనెలూ పక్కపక్కన వరసకట్టి, ఒక్కసారే కాల్చడం గ్రేనెస్ ఆచారం. వరసలో ఎవరి చోటు వాళ్ళది. నడిమి చోటు ఎజ్రాది, దాని కుడిపక్కది పుల్లెన్ వాళ్ళది. పోటునీళ్ళు ముందుగా అక్కడికే వస్తాయి, గుంపు చిక్కగా దిగేదీ అక్కడే. మూడు చలికాలాలు వరసగా ఖాళీ పెడితే ఆ చోటు తర్వాతివాడికి పోతుంది. వరసలో చప్పుడు చేసి గుంపుని లేపినవాడికయితే అదే రోజు పోతుంది, వాడు బురద అంచున చివరి చోటుకి జరగాలి.

"ఇది మూడో ఏడు ఓబెద్," అన్నాడు ఎజ్రా తాత. "మీ పక్కచోటు లెమ్యుయెల్ అప్పుడే తన దోనెకి కొత్త రంగేశాడు. రోజూ మీ చోటు కేసి చూసి తల దువ్వుకుంటున్నాడు."

ఓబెద్‌కి ఆ రాత్రి అన్నం సయించలేదు. పద్నాలుగేళ్ళప్పుడు మొదటిసారి నాన్న వెనక బోర్లా పడుకుని ఎర్రటి వెలుగులో వేల తలలు నీటి మీద ఊగడం చూసింది ఆ చోటునుంచే. తుపాకి పోయినా ఇంత బాధ ఉండదనిపించింది. తమ్ముడితో ముందుగా తను మాట్లాడటమంటే మాత్రం పన్ను పీకించుకున్నట్టుంది.

దారి డోర్కసే చూపించింది.

"నువ్వు అతని దోనె తోలు. అతను నీ తుపాకి కాలుస్తాడు. ఎవరి సొత్తు వాళ్ళ చేతిలో ఉండదు కాబట్టి ఎవరూ పెత్తనం చెయ్యరు."

"మాట్లాడుకోవాలి కదా."

"బాతుల దగ్గర నోరెత్తేవాళ్ళెవరు? మీ ఇద్దరికీ అంతకంటే అనువైన పని ఈ లోకంలో లేదు."

గోడ అవతలినుంచి సైలాస్ గొంతు వినిపించింది. "నాకు సమ్మతమేనని మీ ఆయనకి చెప్పు వదినా."

అదే వారంలో గడ్డకట్టింది. నాన్న మందు డబ్బా, కూరుడు కర్రా దోనెతోపాటు సైలాస్‌కి పోయాయి కనక, ఓబెద్ కొత్త డబ్బా తెచ్చి, చీపురు కర్ర చెక్కి, ముందురోజు సాయంత్రమే తన కొట్టంలో తుపాకి నింపి పెట్టుకున్నాడు. మందు, దాని మీద పీచు, దాని మీద పౌను పైచిలుకు సీసం గుళ్ళు, మళ్ళీ పీచు. తుపాకి తనది, నింపడం తన పని. తెల్లవారకముందే దాన్ని రేవుకి తోసుకెళ్ళి దోనెలో పెట్టి, మోకు కట్టి, ఎజ్రా తాత మంట దగ్గర రొట్టె, చల్లటి పంది మాంసం తినడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి సైలాస్ చీకట్లో తుపాకి మూతి దగ్గర వంగి ఏదో చేస్తున్నాడు. 'నా ముడులు సరిచూస్తున్నాడు,' అనుకున్నాడు ఓబెద్. 'నేను కట్టిన ముడి మీద కూడా వీడికి నమ్మకం లేదు.' ఒళ్ళు మండింది. అడగలేదు. అడగాలంటే ముందు మాట్లాడాలి.

సైలాస్ ముందు తుపాకి వెనకాల పడుకుని, మీటకి కట్టిన తాడు వేలికి చుట్టుకున్నాడు. ఓబెద్ అతని వెనకాల పక్కకి ఒరిగి పడుకుని, ఒక చెయ్యి నీళ్ళలోకి వేలాడేసి, పొట్టి కర్రతో అడుగుని నెట్టడం మొదలుపెట్టాడు. ముక్కు ముందు జానెడు దూరంలో తమ్ముడి బూట్లు. గంటసేపు లోకంలో ఓబెద్‌కి అవి తప్ప ఇంకేమీ లేవు. ఎడమదానికి మడమ అరిగింది. 'ఏటవాలుగా నడుస్తాడు, చిన్నప్పట్నుంచీ అంతే,' అనుకున్నాడు.

వరస కుదిరింది. అయిదు దోనెలు, చప్పుడు లేదు. ముందర ఈలబాతులు, లెక్కకందనన్ని, సన్నగా ఈలలు వేసుకుంటూ పోటునీటి మీద తేలుతున్నాయి. తూర్పు తెల్లబడింది. నాన్న చోటు. తమ చోటు.

వెలుగు దోనె అడుగుదాకా వచ్చింది. బూట్ల పక్కన చెక్క మీద నల్లటి పలుకులు కనిపించాయి. ఓబెద్ వేలు తడి చేసి అద్ది వాసన చూశాడు. మందు. ఆ పక్కనే రెండు సీసం గుళ్ళు దొర్లుతున్నాయి. అవతల నాన్న మందు డబ్బా, మూత సరిగా పెట్టకుండా.

తను మందు కూరింది కొట్టంలో. దోనెలో ఒక్క పలుకు కూడా రాలే వీల్లేదు.

అప్పుడర్థమయింది. డబ్బా, కర్రా దోనెతో వచ్చాయి కాబట్టి నింపడం దోనె తాలూకు పని అనుకున్నాడు సైలాస్. రేవులో వంగి చేసింది అదే. ఇప్పుడు ఆ గొట్టంలో రెండు నింపుళ్ళున్నాయి. మీట లాగితే గొట్టం ముందుకి పేలుతుందో వెనక్కి పేలుతుందో దేవుడికి తెలియాలి. వెనకంటే సైలాస్ మొహం ఉంది.

ఓబెద్ చెయ్యి చాచి ఎడమ బూటు పట్టుకు లాగాడు. సైలాస్ దాన్ని ఎకసెక్కం అనుకున్నాడు. వెనక్కి చూడకుండానే ఒక్క తన్ను తన్నాడు. ఓబెద్ మళ్ళీ లాగాడు. ఈసారి తన్ను ముక్కుకి తగిలింది.

నడిమి దోనెలో ఎజ్రా తాత టోపీ మీద తెల్ల ఈక నిటారుగా లేచింది. మీటలు సిద్ధం చేసుకోమని దానర్థం. తర్వాత తాత గోటితో దోనె అంచు మీద టక్కుమనిపిస్తాడు. బాతులు తలలెత్తుతాయి. అయిదు తుపాకులూ ఒక్కసారి పేలతాయి.

"సైలాస్," అన్నాడు ఓబెద్ గొణుగుతున్నట్టు.

వినపడలేదు. పెద్ద తుపాకి కాల్చేవాళ్ళందరికీ ఒక చెవి చెముడే. సైలాస్‌ది కుడిచెవి, ఓబెద్ వైపున్నది అదే.

ఓబెద్ కళ్ళు ఒక్క క్షణం ఆ తలల గుంపు మీదికి పోయాయి. ఇంకోసారి దొరకదు ఆ చోటు. తర్వాత అరిగిన మడమ కేసి చూశాడు.

లేచి కూర్చుని, గ్రేనెస్ చర్చి గంట దాకా వినపడేలా అరిచాడు. "ఒరేయ్ సైలాస్! తాడొదిలెయ్, రెండుసార్లు నింపాం!"

సముద్రం లేచిపోయినట్టు గుంపంతా లేచింది. ఆకాశం కాసేపు కనపడలేదు. ఎవరి తుపాకీ పేలలేదు. ఆ రెక్కల హోరు సద్దుమణిగాక బురదమేట మీద ఒక్క ఈక తప్ప ఏమీ మిగల్లేదు.

సైలాస్ మెల్లగా వెనక్కి తిరిగాడు. మొహమంతా నవ్వు.

"ముందు మాట్లాడింది నువ్వే," అన్నాడు.

"మందు కూరావా?"

"కూరాను. కూరకపోతే దేంతో కాలుస్తారు? రెండేళ్ళ రెండు నెలలన్నా. నువ్వే ముందు."

"నేనూ కూరాను. నిన్న సాయంత్రం."

సైలాస్ నవ్వు అలాగే ఉంది కానీ మొహంలో రంగు పోయింది. వేలికి చుట్టిన తాడుని, పాముని విప్పుతున్నట్టు, ఒక్కో చుట్టూ విప్పాడు.

ఎజ్రా తాత దోనె పక్కకొచ్చి ఆగింది. మిగిలిన మూడూ చుట్టూ చేరాయి. లెమ్యుయెల్ కళ్ళు మెరుస్తున్నాయి.

"మీ నాన్న నలభై ఏళ్ళు ఈ వరసలో పడుకున్నాడు," అన్నాడు ఎజ్రా తాత. "దగ్గొస్తే టోపీ నోట్లో కుక్కుకునేవాడు."

ఓబెద్ నాన్న కూరుడు కర్ర తీసి గొట్టంలో దింపాడు. తుపాకి ఒకసారి నింపితే కర్ర మీద నాన్న కోసిన గాటు సరిగ్గా మూతి దగ్గరుండాలి. అది మూతికి మూరెడు బయట నిలబడింది. చీకట్లో సైలాస్ చూసుకోనిది అదే. తాత దాన్ని చూశాడు, సైలాస్ మొహం చూశాడు, టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఇద్దరు బతికారు, సంతోషం. బాతులన్నీ కూడా బతికాయి, దానికి మాత్రం సంతోషం లేదు," అన్నాడు. "ఆచారం ఆచారమే ఓబెద్. చోటు లెమ్యుయెల్‌ది."

"తెలుసు తాతా."

"తెలిసే అరిచావా?"

"వాడికి వినపడాలి కదా. చెవిటి వెధవ."

రేవులో మరమేకు కట్టిన కర్రతో పీచూ, గుళ్ళూ, మందూ లాగి బయటపోయడానికి పొద్దెక్కింది. ఇంటికెళ్ళేసరికి డోర్కస్ గుమ్మంలో ఉంది. ఊరంతా ఆ కేక విని మేలుకుంది కాబట్టి ఆమె అడగాల్సింది ఒక్కటే మిగిలింది.

"ఎన్ని పడ్డాయి?"

"ఒక్కటి కూడా లేదు," అన్నాడు ఓబెద్. "చోటు పోయింది."

"నా ప్రాణం దక్కింది వదినా," అన్నాడు సైలాస్. "దానికి బదులు నేను అన్న ముక్కు పగలగొట్టాను."

డోర్కస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, గుడ్డ తడిపి తెచ్చి మొగుడి ముక్కుకి అదిమింది. కాస్త గట్టిగానే అదిమింది.

వారం తర్వాత మళ్ళీ గడ్డకట్టింది, మొదటిది వృథా అయింది కాబట్టి ఇంకోసారి వరసకట్టారు. చివరి చోటుకి నీళ్ళు అందరికంటే ఆలస్యంగా వస్తాయి. అంతదాకా దోనె బురదలో కూరుకుని, కదలకుండా ఉంటుంది. దూరంగా నడిమి దోనె పక్కన లెమ్యుయెల్ కొత్త రంగు కనిపిస్తోంది. కాసేపటికి అటువైపు నాలుగు పొగలు లేచాయి, తర్వాత నాలుగు మోతలూ కలిసి వచ్చాయి. నీళ్ళ మీద తెల్లటి పొట్టలు బోలెడు తేలాయి. ఓబెద్ వాటిని చూసి చూపు తిప్పుకోలేకపోయాడు.

సైలాస్ మాత్రం రేవు దగ్గర ఎత్తుకున్న కబుర్లు ఇంకా ఆపలేదు. రెండేళ్ళ కబుర్లు కదా. పాదిరి గారి మేక ఆయన టోపీ తిన్న కథ ఇప్పుడే మొదలైంది.

"కాసేపు ఆ నోరు ముయ్యరా," అన్నాడు ఓబెద్. "బాతులు బెదురుతాయి."

"ఏ బాతులన్నా? ఇక్కడికి కొంగ కూడా రాదు. నేను మాట్లాడకపోతే నీకెలా పొద్దుపోతుంది?"

ఓబెద్ ఇంకోసారి నడిమి చోటు వైపు చూశాడు. తర్వాత అటు వీపు పెట్టి తిరిగి కూర్చున్నాడు.

"సరే, ఇంతకీ మేక టోపీ అంతా తినేసిందా, అంచు మిగిల్చిందా?" అన్నాడు.