పెరుగు పెట్టకు, పెరుగుతుంది

"దానికి పెరుగు పెట్టకే అమ్మాయ్, పెరుగుతుంది" అన్నారు మా అత్తగారు.

చిట్టి గిన్నెలో చెంచాడు పెరుగు వెయ్యబోతున్న నా చెయ్యి ఆగింది. చిట్టి మా కుక్కపిల్ల. మాటలతో ఆడుకునే జబ్బు నాది, అత్తగారిది కాదు. ఆవిడ నిజంగానే అన్నారు. పేరులోనే పెరగడం ఉంది కాబట్టి పెరుగు తిన్నది పెరిగి తీరుతుందని ఆవిడ లెక్క. ఆ లెక్కన ఉప్పు తిన్నవాళ్ళు ఉప్పొంగిపోవాలి, కారం తిన్నవాళ్ళు ఉపకారం చెయ్యాలి. మా ఇంట్లో కారం తినేవాళ్ళం ముగ్గురం. ఉపకారం చేసేదాన్ని మాత్రం నేనొక్కదాన్నే.

"చెంచాడే కదా అత్తయ్యా."

"చెంచాడు చెంచాడుగానే ఇంతైంది. మొన్నటిదాకా నా చెప్పులో పట్టేది. ఇవాళ నా చెప్పే దాని నోట్లో పడుతోంది."

ఆవిడ బాధలో అబద్ధం లేదు. రెండు నెలల క్రితం మా ఆయన దాన్ని చొక్కా జేబు పక్కన దాచుకుని తెచ్చారు. "పెద్దయ్యాక కూడా చేతిసంచిలో పట్టేస్తుంది సార్" అని అమ్మినవాడు చెప్పాడట. ఆ మాట మా ఆయన ఆఫీసంతా చెప్పారు. చిట్టి అని పేరు కూడా ఆయనే పెట్టారు. ఆయన ఆఫీసులో సూపర్‌వైజరు. ఇంట్లోనూ అదే ఉద్యోగం, పైనుంచి చూడటం. కింద తుడవడం నాది. చిట్టి ఫొటోలు ఆయనవి, చిట్టి తడిపిన గోనెలు నావి.

నా కొలువు కొలతలు తీసుకోవడం. రెడీమేడ్ బట్టల షాపు వెనక గదిలో ఆల్టరేషన్ చేస్తాను. బిగుతైతే వదులు, వదులైతే బిగుతు. ముందు కౌంటర్లో కటింగ్ మాస్టరు మెడలో టేపు వేసుకుని నిలబడతాడు, అది ఆయన దండ. కత్తిరించేదీ కుట్టేదీ నేను. షాపు యజమాని నన్ను పేరుతో పిలిచింది లేదు. "వెనకాలావిడకి ఇవ్వండి, చేసేస్తుంది" అంటాడు. ఇన్నేళ్ళ నుంచి వెనకాల ఉండి ఉండి, అద్దంలో నా ముఖం చూసినా ముందు వీపు కనిపిస్తుందేమో అన్నట్టు తయారయ్యాను. పెళ్ళిలో పెద్దవాళ్ళు భర్తని కొలవాలమ్మా అన్నారు. నేను కొలిచాను. నడుము అప్పుడు ముప్ఫై రెండు, ఇప్పుడు నలభై నాలుగు. ఆయన అలా ఎదుగుతుంటే పట్టీ లూజు చేసింది నేనే. నేను ఒక్క అంగుళం ఎదుగుతానన్నా గుడ్డ లేదన్నారు.

చిట్టి వచ్చిన రోజే దాని పాదాలు చూశాను. ఒంటికన్నా రెండు సైజులు పెద్దవి. మెడ దగ్గర చర్మం వదులుగా మడతలు పడి ఉంది. పిల్లల బట్టలు కుట్టేటప్పుడు మేము అంచుల్లో గుడ్డ మడిచి లోపల దాస్తాం, రేపు పొడుగైతే విప్పుకోవచ్చని. ఇదీ అలాంటి కుట్టే. "ఏమండీ, ఇది పెద్దదయ్యే రకం" అన్నాను.

"నీకు గుడ్డల గురించి తెలుసు, కుక్కల గురించి నాకు చెప్పకు" అన్నారు.

కుక్కకి గుడ్డలూ తెలియవు, తెలివితేటలూ తెలియవు. అది దాని పని చేసుకుపోయింది, పెరిగింది. చివరికి మా ఆయనే పెరగకుండా ఏదైనా మందు ఉంటుందేమోనని దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళదామన్నారు. తీసుకెళ్ళడం ఆయన, మొయ్యడం నేను.

డాక్టరమ్మ చిట్టిని బల్లమీద నిలబెట్టి కాళ్ళు తడిమింది. "దీని అమ్మానాన్నల్ని చూశారా?"

"లేదండీ. అమ్మినవాణ్ణి చూశాం" అన్నారు మా ఆయన.

"సైజు సంగతి అమ్మినవాడు చెప్పేది కాదండీ, అమ్మ చెప్పాలి."

నాకు ఆ క్షణమే ఆవిడ మీద ప్రేమ పుట్టింది. నా జబ్బే ఇంకొకరికి ఉందని తెలిస్తే ఎంత ధైర్యమో.

తూకం వేస్తే పన్నెండున్నర కిలోలు. "నాలుగో నెల నిండింది కాబట్టి దీనికి రెండింతలు వేసుకుని పైన ఇంకాస్త కలపండి. అంచనాయే అనుకోండి, కానీ ముప్ఫై కిలోల దగ్గర ఆగుతుంది. చిన్న జాతులు ఏడాదిలోపే ఆగిపోతాయి. ఇది ఏడాదిన్నర దాకా నింపుకుంటూనే ఉంటుంది."

మా ఆయన నోరు తెరుచుకుంది. "మరి... సగం తిండి పెడితే?"

"సగం తిండి పెడితే సగం కుక్క అవదండీ. నీరసపు పెద్ద కుక్క అవుతుంది. ఎంత ఎదగాలో దాని ఒంట్లో ముందే ఉంది. ఆ ఎదిగింది గట్టిగా నిలబడుతుందా, కుంటుతుందా అన్నదే మీ చేతిలో ఉంది." తర్వాత నావైపు తిరిగింది. ఎవరికి చెప్పాలో ఆవిడకి తెలిసిపోయింది. "అలాగని కుక్క కదా అని కుక్కి కుక్కి పెట్టకండమ్మా. గబగబా పెరిగితే కీళ్ళు ఓర్చుకోవు. పెద్ద జాతి పిల్లలకని అమ్మే తిండే కొనండి, కొలిచి మూడు పూటలా పెట్టండి. క్యాల్షియం పొడులు వద్దు. నున్నటి నేలమీద జారనివ్వకండి, మెట్లమీంచి దూకనివ్వకండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనబడకూడదు. పెరుగా? చెంచాడు పెట్టండి, ఏం కాదు. ఇంతకీ ఇంట్లో తిండి ఎవరు చూస్తారు?"

"మేమే" అన్నారు మా ఆయన.

మా ఇంటి వ్యాకరణం బయటివాళ్ళకి తెలియదు. మా ఇంట్లో 'నేను' అంటే ఆయన, 'మేము' అంటే నేను.

వారం తిరిగేసరికి చిట్టి నా చేతికి తేడాగా తగిలింది. తగలడం కాదు, పక్కటెముకలు కంటికే కనబడుతున్నాయి. షాపు నుంచి వచ్చేసరికి ఖాళీ గిన్నె నాకుతోంది, గిన్నె అయిపోయాక నేల నాకుతోంది. పొద్దున, సాయంత్రం తిండి నేనే పెడతాను. మధ్యాహ్నం పూట భోజనానికి ఇంటికొచ్చే మా ఆయన పెడతానన్నారు కదా అని, ఆ పూటకి విడిగా పెట్టిన డబ్బా తెరిచాను. వారానికి సరిపడా నేను కొలిచి పెట్టిన పొట్లాలు అలాగే ఉన్నాయి. వాటి పక్కనున్న కొలత గ్లాసు పోయి దాని స్థానంలో టీ కప్పు వచ్చింది.

"నేనే మార్చాను" అన్నారు ఆయన టీవీలోంచి కళ్ళు తిప్పకుండా. "ఆఫీసులో 'మీది కుక్కా, దూడా' అని అడుగుతున్నారు. చేతిసంచి అని చెప్పుకున్నాను. నా పరువేం కావాలి?"

ఆయన పరువు కోసం దాని బరువు తగ్గాలట.

వంటగదిలోకి వెళ్ళి నిలబడ్డాను. కోపం రాలేదు, అంతకన్నా పాతదేదో వచ్చింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అందరూ తిన్నాక తినేదాన్ని. నా కంచం దగ్గరికి వచ్చేసరికి అత్తగారు గిన్నె వంచి చూపించేవారు. "పెరుగు అయిపోయిందమ్మా." ప్రతి పూటా అదే మాట. ముందు రాత్రి పాలు కాచి, తోడు వేసి, గిన్నె మీద మూత పెట్టింది నేను. ఇంటిల్లిపాదికీ తోడు వేసిన దానికి తోడు వచ్చినవాళ్ళు లేరు. చిన్నపిల్లనేమో, ఆ మాట నిజమేననుకున్నాను. నా పెరుగు అయిపోయింది, ఇంతే ఇక, ఈ సైజుకి అలవాటు పడాలి. సొంతంగా కుట్టు షాపు పెట్టుకుంటానంటే "ఇల్లెవరు సర్దుతారు, ఉన్నదాంట్లో సర్దుకో" అన్నారు. ఇల్లు సర్దు, నువ్వు సర్దుకో. ఒక్క 'కో' కలిపితే చాలు, పని మొత్తం ఒకరి నెత్తిమీదికి వచ్చేస్తుంది. నాకు సగం తిండి పెట్టి సగం మనిషిని చేద్దామనుకున్నారు. డాక్టరమ్మ మాట నిజమైతే నేను సగం మనిషిని కాలేదు, నీరసపు పెద్ద మనిషిని అయ్యాను. అంటే పెద్దతనం ఎక్కడికీ పోలేదు. లోపల మడిచి ఉంది.

టీ కప్పు తీసేసి గ్లాసు పెట్టాను. చిట్టికి బాకీపడ్డ మధ్యాహ్నం తిండి కొలిచి పెట్టాను. చెంచాడు పెరుగు వేశాను. అత్తగారు చూస్తున్నారు. పెరుగు గిన్నె మీద మూత ఆవిడే పెట్టారు.

ఆయన అన్నారు. "అయితే ఆదివారం అమ్మినవాడికే తిరిగిచ్చేస్తాను. ఈ ఇంట్లో దానికి చోటు లేదు."

"వాడు తీసుకుని ఏం చేస్తాడండీ? ఇంత పెరిగినదాన్ని ఎవరు కొంటారు?"

"అది వాడి తలనొప్పి."

ఆదివారం ఆయన ఆటో పిలుచుకొస్తానని బయటికి వెళ్ళారు. నేను మెడలో టేపు వేసుకున్నాను. చోటు లేదన్నారు కాబట్టి కొలుద్దామనుకున్నాను. హాలంతా కొలిచాను. అత్తగారి మంచం ఒక మూల, గోడకి ఆనుకుని. చిట్టి గోనె తలుపు వెనక. నాదంటూ వెతికితే కుట్టు మిషను ముందున్న స్టూలు దొరికింది. మధ్యలో ఆయన కుర్చీ. వెనక్కి వాలితే ముందు నుంచి కాళ్ళకి ఇంకో పీట బయటికొచ్చే రకం. పూర్తిగా తెరిస్తే మంచం కన్నా పొడుగు. ఇంట్లో ఎదిగే కుక్కపిల్లకి చోటు లేదంటే, ఎప్పుడో ఎదిగిపోయిన కుర్చీని ఎవరూ కొలవలేదన్నమాట.

రెండు చేతులా పట్టి లాగాను. అది కదల్లేదు, ఆయనలాగే. రెండోసారి లాగాను.

"అలా కాదు, ముందు వాలు భాగం మడువు" అన్నారు అత్తగారు. మంచం మీంచి దిగి, నడుము పట్టుకుని వచ్చి, రెండో వైపు చెయ్యి వేశారు.

నేను ఆవిడ ముఖంలోకి చూశాను.

"చూస్తావేం? ఇది వచ్చాకే నా మంచం కిటికీ దగ్గర్నుంచి పోయింది. అడిగితే 'నీకు కిటికీ ఎందుకమ్మా' అన్నాడు." కాస్త ఆయాసం తీర్చుకున్నారు. "నాకు మాత్రం ఎవరు మిగిల్చారే పెరుగు? అందరూ తిన్నాక గిన్నె కడిగేదాన్ని. నువ్వొచ్చాక 'పెరుగు అయిపోయింది' అని నీకు చెప్పే వంతు నాకొచ్చిందనుకున్నాను, అంతే. పట్టు, పట్టు, జారిపోతోంది."

ఇద్దరం కలిసి దాన్ని వరండాలోకి నెట్టాం. మంచం కిటికీ కిందికి జరిపాం. నున్నటి నేలమీద చిట్టి జారకుండా, పాత జీన్సు ముక్కలు కలిపి నేను కుట్టిన పెద్ద పరుపుగుడ్డ పరిచాను. చిట్టి ఓసారి వాసన చూసి, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి చాపి పడుకుంది. సిగ్గు లేకుండా, సందేహం లేకుండా, ఒంటికి ఎంత చోటు కావాలో అంతా తీసుకుంది. అలా పడుకోవడం నేను ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఆయన వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. "నా కుర్చీ ఏది?"

"వరండాలో ఉందండీ. గాలి బాగా వస్తుంది."

"ఎవరు కదిపారు?"

"మేమే" అన్నాను. ఆ మాటలో మొదటిసారి నిజంగా ఇద్దరున్నారు.

"ఆటో బయట ఉంది. దాని గొలుసు ఇలా ఇవ్వు."

గొలుసు నా మణికట్టుకి చుట్టుకున్నాను. "ఆటోని పంపించెయ్యండి. చోటు లేదన్నారు, కొలిచి చూశాను, ఉంది. ఇకనుంచి మూడు పూటలా తిండి నేనే కొలుస్తాను, మధ్యాహ్నం అత్తయ్య పెడతారు. పొద్దున నడకకి మీరు తిప్పండి. ఆ టైముకి నాకు పనుంది, షాపు అద్దెకి చూడటానికి వెళుతున్నాను."

"ఏం షాపు?"

"కుట్టు షాపు. ఈసారి ముందు గది."

ఆయన తల్లివైపు తిరిగారు. "చూశావా అమ్మా దీని వరస?"

"ఎవరి వరసరా? కుక్కదా?" అన్నారు అత్తగారు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ.

బయట ఆటో హారన్ మోగింది. ఆయన కూర్చోబోయి, కుర్చీ లేదని గుర్తొచ్చి, నా స్టూలు మీద కూర్చున్నారు. అది ఆయనకి బిగుతు. చాలాసేపు చిట్టినీ, దాని పాదాలనీ చూశారు. అలిసిపోయిన గొంతుతో అడిగారు.

"అసలు ఇది ఎక్కడ ఆగుతుంది?"

"దాని సంగతి డాక్టరమ్మ చెప్పిందిగా, ముప్ఫై కిలోల దగ్గర ఆగుతుంది" అన్నాను. "నా సంగతే ఏ డాక్టరూ చెప్పలేదు."